డ్రైవ్ ప్రాపర్టీస్‌లో ఆప్టిమైజ్ బటన్ పనిచేయడం లేదు (వేరే డీఫ్రాగ్ ప్రోగ్రామ్ తీసేశాక)

ప్రశ్న:
విండోస్ 10. సి డ్రైవ్ ఎస్ఎస్‌డీ, డి డ్రైవ్ 1 టీబీ హార్డ్‌డిస్క్. ఓ ఉచిత డీఫ్రాగ్ (డిస్క్‌లో ముక్కలైన ఫైళ్లను ఒకచోట చేర్చే) ప్రోగ్రామ్ వేసినప్పుడు "విండోస్ డీఫ్రాగ్ బదులు ఇదే వాడు" అన్న టిక్ ముందే పెట్టి ఉంది, వదిలేశాను. ఇప్పుడు దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేశాక ప్రాపర్టీస్, టూల్స్‌లో ఆప్టిమైజ్ నొక్కితే టూల్ ఇన్‌స్టాల్ కాలేదని వస్తోంది. విండోస్ మళ్లీ వేయాలా? ఇంకోటి, డి డ్రైవ్ 27 శాతం ముక్కలైందని అది చూపేది, విండోస్‌దేమో 1 శాతం అంటుంది. ఏది నిజం?

జవాబు 1:
అంత అవసరం లేదండీ. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చే రన్ పెట్టెలో డి-ఎఫ్-ఆర్-జి-యు-ఐ అని కొట్టండి. కిటికీ తెరుచుకుంటే టూల్ భద్రంగా ఉంది, బటన్‌కి దారి చూపే రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల నిల్వ) ఎంట్రీ మాత్రమే చెడింది. అలాంటి ప్రోగ్రాములు విండోస్ టూల్‌ని చెరపవు, ఆ దారిని తమవైపు తిప్పుకుంటాయి. పోయేటప్పుడు తిరిగి సరిచేయాల్సింది, కొన్ని చేయవు.

రెజ్‌ఎడిట్ (రిజిస్ట్రీ మార్చే టూల్) తెరిచి ఇక్కడికి వెళ్లండి: హెచ్‌కీ లోకల్ మెషీన్ \ సాఫ్ట్‌వేర్ \ మైక్రోసాఫ్ట్ \ విండోస్ \ కరెంట్‌వెర్షన్ \ ఎక్స్‌ప్లోరర్ \ మైకంప్యూటర్ \ డీఫ్రాగ్‌పాత్. ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కొట్టి ఆ కీకి కాపీ ఉంచుకోండి. తర్వాత డీఫాల్ట్ విలువలో సిస్టమ్32 ఫోల్డర్‌లోని డీఎఫ్ఆర్‌జీయూఐ ఫైలు దారి, చివర ఈఎక్స్ఈతో సహా, పెట్టండి. రెండు శాతం గుర్తుల మధ్య సిస్టమ్‌రూట్ అని రాసే పద్ధతికి విలువ రకం ఎక్స్‌పాండబుల్ స్ట్రింగ్ అయి ఉండాలి. కీ కొత్తగా చేస్తే రెజ్‌ఎడిట్ మామూలు స్ట్రింగే ఇస్తుంది. అప్పుడు ఆ గొడవ లేకుండా సి డ్రైవ్ నుంచి పూర్తి దారి రాసేయండి.

రన్‌లో కూడా తెరుచుకోకపోతే, పాడైన విండోస్ ఫైళ్లను సరిచేయడానికి, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎఫ్‌సీ, స్లాష్ స్కాన్‌నౌ.

జవాబు 2:
బటన్ కంటే ముఖ్యమైంది షెడ్యూల్. టాస్క్ షెడ్యూలర్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, డీఫ్రాగ్ కింద షెడ్యూల్డ్‌డీఫ్రాగ్ అనే టాస్క్ డిసేబుల్ అయి ఉందేమో చూడండి. ఎస్ఎస్‌డీకి ట్రిమ్ (చెరిపిన ఫైళ్ల చోటు ఖాళీ అని చెప్పే ఆదేశం) మొత్తంగా మళ్లీ పంపేది ఇదే. చాలామంది "ఎస్ఎస్‌డీకి డీఫ్రాగ్ వద్దు" అని విని దీన్నే ఆపేస్తారు! విండోస్ 8 నుంచి ఇది డ్రైవ్ రకం చూసి పని ఎంచుకుంటుంది, హార్డ్‌డిస్క్‌కి డీఫ్రాగ్, ఎస్ఎస్‌డీకి ట్రిమ్. చేత్తో పంపాలంటే డీఫ్రాగ్ సి: తర్వాత స్లాష్ ఎల్.

ఆ ప్రోగ్రామ్‌లో బూట్ టైమ్ డీఫ్రాగ్ ఉండి ఉంటే రిజిస్ట్రీలో సెషన్ మేనేజర్ కీలో బూట్‌ఎగ్జిక్యూట్ (బూట్‌లో నడిచేవాటి జాబితా) కూడా చూడండి. అందులో ఆటోచెక్ ఆటోచ్‌కే, నక్షత్రం గుర్తు ఉన్న లైను తప్ప ఇంకేమీ ఉండక్కర్లేదు. మిగిలిపోయిన లైను ఉంటే బూట్‌లో "ప్రోగ్రామ్ నాట్ ఫౌండ్, స్కిప్పింగ్ ఆటోచెక్" అని కనిపిస్తుంది. ఆటోచెక్ లైను మాత్రం తీసేయకండి, అది పోతే బూట్ సమయంలో చెక్‌డిస్క్ (డిస్క్ లోపాలు వెతికే టూల్) నడవదు.

జవాబు 3:
27కీ 1కీ తేడా ఎందుకంటే, విండోస్ 64 ఎంబీ దాటిన ముక్కల్ని ముక్కలుగా లెక్కపెట్టదు. మీ డిలో పెద్ద వీడియోలు ఉండి ఉంటాయి. సెకనుకు 100 ఎంబీ చదివే డిస్క్‌కి 64 ఎంబీ చదవడానికి 0.64 సెకన్లు పడుతుంది, తర్వాతి ముక్కకి హెడ్ జరగడానికి 10 మిల్లీసెకన్లు. అంటే నష్టం 2 శాతం లోపే. దానికోసం జీబీల కొద్దీ డేటా అటూ ఇటూ మోయడం దండగ. రెండు అంకెలూ అబద్ధం కాదు, కొలత వేరు. పైగా బయటి ప్రోగ్రాములు కూడా చాలావరకు ఫైలుని కదిలించడానికి విండోస్ ఇచ్చే అదే ఏపీఐని (ప్రోగ్రాములు విండోస్‌తో పని చేయించుకునే దారిని) పిలుస్తాయి, కాబట్టి అవి చేసే మాయేమీ లేదు.

ఏ ఫైలు ముక్కలైందో జాబితా చూపడం, ఒక్క ఫైలునే డీఫ్రాగ్ చేయడం మాత్రం వాటిలో బాగుంటాయి. ఆ పనికి పోర్టబుల్ వెర్షన్ చాలు, "బదులు వాడు" టిక్ లేకుండా.

అడిగినవారు:
పూర్తి దారి రాశాను, బటన్ తెరుచుకుంది. టాస్క్ నిజంగానే డిసేబుల్డ్‌లో ఉంది, ఎనేబుల్ చేశాను. ఎఫ్ఎస్‌యుటిల్‌తో డిసేబుల్‌డిలీట్‌నోటిఫై అడిగితే 0 వచ్చింది, అంటే ట్రిమ్ లేనట్టా?

జవాబు 2:
ఉన్నట్టండీ. ఆ పేరు తిరకాసుగా ఉంది, "ఆపాలా?" అని అడిగితే 0 అంటే "ఆపలేదు".

అడిగినవారు:
డీఫ్రాగ్ చేసిన తర్వాత డిలో పాత రిస్టోర్ పాయింట్లు పోయాయి. అదీ దీనివల్లేనా?

జవాబు 1:
అయ్యుండొచ్చు. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ డిస్క్ ఫార్మాట్) మామూలు క్లస్టర్ (చోటు కేటాయించే కనీస ముక్క) 4 కేబీ. 16 కేబీ కంటే చిన్న క్లస్టర్‌లో డీఫ్రాగ్ చేసిన కదలికల్ని షాడో కాపీ (రిస్టోర్ పాయింట్లను దాచే విండోస్ సేవ) మార్పులుగా పరిగణించి పాత కాపీలు దాచుకుంటూ పోతుంది. కేటాయించిన చోటు నిండితే పాతవాటిని తీసేస్తుంది. పోయినవి తిరిగి రావు. ఇకపై సిస్టమ్ ప్రొటెక్షన్‌లో డికి చోటు పెంచండి, లేదా ప్రోగ్రామ్‌లో వీఎస్ఎస్ (షాడో కాపీకి అనువైన) మోడ్ ఉంటే అది ఎంచుకోండి.

జవాబు 3:
ఇంకొక్క మాట, డీఫ్రాగ్ మొదలుపెట్టే ముందు, డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో డి డ్రైవ్ కరెంట్ పెండింగ్ సెక్టార్ల (చదవడం కష్టమైన చోట్ల) విలువ చూడండి. 0 కాకుంటే డీఫ్రాగ్ వద్దు, చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కూడా వద్దు. రెండూ డిస్క్‌ని గంటల కొద్దీ గీకుతాయి. డేటా వేరే డిస్క్‌లోకి తీసుకున్నాకే ఏదైనా.