గరాజ్‌లో స్నోమొబైల్: ఎపాక్సీ ఉండాలా, ఉత్త కాంక్రీటే నయమా?

డులూత్_తెలుగోడు:
సెప్టెంబర్‌లో గరాజ్ ఫ్లోర్‌కి ఎపాక్సీ కోటింగ్ వేయించాను. అద్దంలా ఉండేది. మొన్న సెకండ్‌హ్యాండ్ స్నోమొబైల్ (మంచు మీద నడిపే బండి) కొన్నాను. ట్రైలర్ మీంచి దింపి, ముక్కు తలుపు వైపు తిప్పుదామని హ్యాండిల్ పట్టుకుని పక్కకి లాగానంతే, ముందు చక్రాల బదులుండే రెండు స్కీల కింద రెండు తెల్లటి వంపు గీతలు! వాటిలో గోరు దిగుతోంది. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు, అసలు టెన్షన్ అదే. పైన ఇంకో కోటింగ్ వేయించనా, మొత్తం గీకించేసి ఉత్త కాంక్రీట్‌తో కానిచ్చేయనా?

తడి_నేల:
గీకించకండి సార్. ఎపాక్సీ వేసేది గీతలు ఆపడానికి కాదు, నీళ్ళు ఆపడానికి. రైడ్ నుంచి వచ్చాక ట్రాక్‌లో (బండిని నడిపే రబ్బరు పట్టాలో) ఇరుక్కున్న మంచు రాత్రంతా కరుగుతూనే ఉంటుంది. ట్రైలర్‌కి పట్టిన రోడ్డు ఉప్పు కూడా అందులో కలుస్తుంది. హీటింగ్ లేని గరాజ్‌లో ఆ నీళ్ళు కాంక్రీట్‌లోకి ఇంకి గడ్డకడతాయి. గడ్డకడితే నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. కరగడం, మళ్ళీ గట్టిపడడం... కొన్ని చలికాలాలు గడిస్తే పైపొర పెచ్చులుగా లేస్తుంది. మా పాత ఇంట్లో చీపురుతో ఊడ్చి ఎత్తాను ఆ పెచ్చుల్ని.

రేంజ్_అన్న:
నీళ్ళ మాట ఒప్పుకుంటా. కానీ స్కీ కింద ఉన్నది టంగ్‌స్టన్ కార్బైడ్. ఐసు మీద పట్టు దొరకాలని పెట్టిన అంచు అది. రెండొందల కిలోలు దాటిన బండిని ఆ సన్నటి అంచు మీద అడ్డంగా ఈడిస్తే కాంక్రీటే గీసుకుపోతుంది, ఎపాక్సీ ఏ మూలకి? మన ఊళ్ళో దమ్ము చేసొచ్చిన ట్రాక్టర్ కేజ్ వీల్స్‌తోనే తారు రోడ్డెక్కితే ఏమవుతుందో చూశాం కదా. దానికి మందు ఇంకో పొర తారు వేయడం కాదు తమ్ముడూ, ఆ ఇనుము రోడ్డుని తాకకుండా చూడడం. నేను గనుల దగ్గర తీసేసిన కన్వేయర్ బెల్ట్ ముక్కలు రెండు తెచ్చి పరిచాను. బండి నేరుగా వాటి మీదికే వస్తుంది.

తడి_నేల:
అన్నా, ఆ బెల్ట్ ఒకసారి ఎత్తి చూశారా? కింద తడి ఆరదు. పైగా కొన్ని రబ్బర్లు ఎపాక్సీ మీద గోధుమరంగు మరకలు వదులుతాయి, ఏం రుద్దినా పోవు.

రేంజ్_అన్న:
ఏప్రిల్‌లో ఎత్తి కడుగుతా. నాది ఉత్త కాంక్రీటు, మరక పడితే పడనీ. అయినా గరాజా, పెళ్ళి మండపమా?

స్టడ్ల_సుబ్బయ్య:
మీరిద్దరూ స్కీల గొడవలోనే ఉన్నారు. నా ట్రాక్‌కి పట్టు కోసం కొట్టించిన లోహపు మేకులు, అదే స్టడ్లు, 96. గుర్రాల కొట్టాల్లో పరిచే ముప్పావు అంగుళం రబ్బరు మ్యాట్ వేశాను, 4×6 అడుగులది. ఒక్కటి ఎత్తడానికే నడుం పట్టేసింది. మ్యాట్ మీద థ్రాటిల్ కొట్టనంత వరకు బాగుంది. ఓరోజు చలికి వణుకుతూ కాస్త గట్టిగా నొక్కాను. స్టడ్లు పట్టేసి మ్యాట్‌ని మడతపెట్టి వెనక్కి విసిరాయి. అప్పట్నుంచీ చక్రాల పీటల్లాంటి డాలీలే: స్కీకి ఒకటి చొప్పున రెండు, ట్రాక్ కింద ఒకటి. ఒక్కణ్ణే ఎటు కావాలంటే అటు తిప్పుకుంటా. చిక్కల్లా గులకరాయితోనే. చక్రం కింద చిన్న రాయి పడిందా, బండి అక్కడే ఆగిపోతుంది.

తడి_నేల:
డాలీకి నా ఓటు. ఎపాక్సీ కూడా బతుకుతుంది. గీతల వరకు గరుకు కాగితంతో రుద్ది ప్యాచ్ వేయండి. నునుపు మీద నేరుగా వేస్తే పట్టదు, ఊడొస్తుంది. ఫ్లోర్ మరీ చల్లగా ఉంటే సరిగా గట్టిపడదు కాబట్టి మే దాకా ఆగండి.

రేంజ్_అన్న:
డాలీ ఎక్కించేలోపు గుమ్మం దగ్గర నేల మీదేగా దిగేది? అక్కడికి నా బెల్ట్ ముక్క తప్పదు.

డులూత్_తెలుగోడు:
సరే, గుమ్మంలో బెల్ట్, లోపల డాలీలు, మేలో ప్యాచ్. అన్నా, ఒక ముక్క నాకూ చూడండి. మా ఆవిడ ఇవాళ నోరు విప్పింది: "సంక్రాంతికి ఈ మంచులో ముగ్గెక్కడ వేయాలా అనుకుంటున్నా. గరాజ్‌లో సగం మీరే వేసేశారుగా!"