చెరువు పనికి సగం ఖర్చు మనదే అంటే ఏమేం లెక్కకొస్తాయి?

ప్రశ్న: మాది అమీన్‌పూర్ వైపు కాలనీ అసోసియేషన్. పక్కనున్న చిన్న చెరువులో గుర్రపు డెక్క తీయించి, గట్టు మీద చెట్లు పెడదామని ఉంది. పక్షులు బాగానే వస్తాయి. ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యతగా పెట్టే ఖర్చు) కింద సగం ఇస్తామంది, మిగతా సగం మీరు చూపాలంది. అంత నగదు మా దగ్గర లేదండి. శ్రమదానం లెక్కకొస్తుందా? అమెరికాలో తడి నేలలకు ఇలాంటి గ్రాంట్లున్నాయని చదివాను, మనం పెట్టుకోవచ్చా?

జవాబు 1: అమెరికాది వదిలేయండి. 1989 నాటి చట్టం కింద ఇచ్చే గ్రాంట్లవి. గ్రాంటుకు సమానంగా వాటా పెట్టుకోవాలి, పైగా అమెరికా, కెనడా, మెక్సికోల్లో పనులకే ఇస్తారు.

ఇక్కడ మీ సగం ఏ రూపంలో ఉండాలో సీఎస్‌ఆర్ చట్టం చెప్పదు, కంపెనీతో ఒప్పందమే చెబుతుంది. శ్రమదానం గంటకు ఎంత, ఉచితంగా వచ్చిన మొక్కలకు ఏ ధర కడతారు అన్నవి అందులో ముందే రాయించుకోండి. కనీస వేతనం రేటు అడిగితే బేరం తేలిగ్గా తెగుతుంది. హాజరు పుస్తకంలో పేరు, తేదీ, గంటలు, సంతకం ఉండాలి. ఫొటోలు చాలవు. ఇంకోటి, ఆ కంపెనీ ఉద్యోగులు శనివారం వచ్చి మొక్కలు నాటితే ఆ గంటలను డబ్బుగా మార్చి సీఎస్‌ఆర్ ఖర్చులో చూపడానికి వీల్లేదు.

జవాబు 2: అసలు చిక్కు వేరే ఉంది సార్. సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంస్థకు సాధారణంగా 12ఏ, 80జీ (ఆదాయపన్ను మినహాయింపు నమోదులు), మూడేళ్ల పని అనుభవం, వీటితోపాటు సీఎస్‌ఆర్-1 నమోదు (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర) కావాలి. 2021 ఏప్రిల్ నుంచి ఆ నమోదు తప్పనిసరి. కాలనీ అసోసియేషన్లకు ఇవన్నీ ఉండటం అరుదు. ఇవి ఉన్న ట్రస్టును భాగస్వామిగా పెట్టుకోండి. చెరువు మీది కాదు కాబట్టి సంబంధిత శాఖ అనుమతి కాగితం చేతికి రాకుండా జేసీబీ దింపకండి. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు చేరే హద్దు) లోపల పని మరీ జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండి. డెక్క ఒకసారి తీయిస్తే సరిపోతుందా?

జవాబు 1: మురుగు చేరుతున్నంత కాలం మళ్లీ పెరుగుతుంది. అందుకే నా సలహా, తీయించే ఖర్చు కంపెనీది, తర్వాతి రెండేళ్ల నిర్వహణ మీది అని పంచుకోండి. నెలనెలా కాలనీ చందాతో నెట్టుకురావచ్చు. చెట్లు గట్టు పైభాగానికే పరిమితం చేయండి. లోతు తక్కువున్న ఒడ్డు, బురద అలాగే ఉంటేనే నీటి పక్షులకు మేత దొరుకుతుంది. అక్కడ వాకింగ్ ట్రాక్ వేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఒప్పుకోకండి.