అప్‌డేట్: మియాపూర్ ఎస్టీపీ దగ్గర గ్యాస్ డిటెక్టర్ మైనస్ రీడింగ్

మా అపార్ట్‌మెంట్ ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంట్) సంపు మూత తీసే ముందు నాలుగు గ్యాసుల మీటర్‌లో కార్బన్ మోనాక్సైడ్ మైనస్ 12 చూపిస్తోందని, సెన్సర్ పోయిందా అని అడిగాను కదా. సెన్సర్ బాగానే ఉంది. నడుస్తున్న జనరేటర్ పక్కన జీరో చేయడమే (అంటే చుట్టూ ఉన్న గాలినే సున్నాగా సెట్ చేయడమే) తప్పు. అక్కడ జనరేటర్ పొగ వల్ల గాలిలో ఉన్న 12 పీపీఎం (పది లక్షల భాగాల్లో 12) కార్బన్ మోనాక్సైడ్ని మీటర్ సున్నా అనుకుంది. అందుకే మంచి గాలిలో మైనస్. అసలు ప్రమాదం వేరే: నిజంగా 40 ఉంటే 28 చూపిస్తుంది, 35కి మోగాల్సిన అలారం మోగదు.

టెర్రస్ మీద, పొగ లేని చోట మళ్లీ జీరో చేస్తే సరిపోయింది. ఆక్సిజన్ 20.9, మిగతా మూడూ (కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, మండే గ్యాస్) 0. తర్వాత సిలిండర్ గ్యాస్‌తో బంప్ టెస్ట్ (తెలిసిన గ్యాస్ కాస్త ఇచ్చి సెన్సర్ స్పందిస్తుందో లేదో చూడటం), నిమిషానికి అర లీటరు ఫ్లోతో. ఇది రోజూ వాడే ముందు చేయాల్సిందే. జీరో సరిగ్గా వచ్చినంత మాత్రాన సెన్సర్ గ్యాస్‌ని పట్టుకుంటుందని కాదు.

సంపులోకి మీటర్ గాలి పీల్చే ట్యూబ్ దించేటప్పుడు పైన, మధ్యలో, అడుగున విడివిడిగా చూడాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, ఎక్కువగా అడుగున చేరుతుంది. మీథేన్ పైకి తేలుతుంది. ఒక్కో చోట రెండు నిమిషాలైనా ఆగాలి, ట్యూబ్ పొడవును బట్టి ఇంకాస్త. కొస నీళ్లలో మునిగితే ఫిల్టర్ తడిసి మీటర్ పంపు ఆగిపోతుంది, కాబట్టి నీటిమట్టానికి జానెడు పైనే ఆపండి.

ఇంకోటి, మీటర్ దగ్గర సిలికాన్ స్ప్రే వాడొద్దు. పెల్లిస్టర్ రకం (గ్యాస్‌ని వేడి పూస మీద మండించి కొలిచే) ఎల్‌ఈఎల్ (మండే గ్యాస్) సెన్సర్ చచ్చిపోతుంది, తెర మీద మాత్రం 0 అనే చూపిస్తూ ఉంటుంది.