నాన్న గురించి ఎలా రాయాలి?

రేపల్లె అమ్మాయి:
వచ్చే నెలలో మా నాన్న సంవత్సరీకం. ఆ రోజుకు ఆయన జీవితాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించి బంధువులకు ఇవ్వాలని ఉంది. రాయడానికి కూర్చుంటే "ధైర్యవంతులు, దానశీలి" అన్న మాటలే వస్తున్నాయి. అవి ఎవరి నాన్నకైనా సరిపోతాయి. నాకు కావలసింది మా నాన్న.

నాకు బాగా గుర్తున్నది ఆయన యెజ్దీ మోటారు సైకిలు. దానికి కిక్కు కొట్టే కడ్డీ, గేరు మార్చే కడ్డీ ఒకటే. నాన్న దాన్ని కాలితో లోపలికి నొక్కి, పైకి తిప్పి, ఒక్క తాపుతో స్టార్ట్ చేసేవారు. 1985 దసరా సెలవుల్లో నలుగురం దాని మీదే శ్రీశైలం వెళ్లాం. ట్యాంకు మీద మడత పెట్టిన దుప్పటి, దాని మీద నేను. వెనక అమ్మ, ఒడిలో తమ్ముడు. దోర్నాల దాటాక అడవి, ఘాట్ రోడ్డు. ప్రతి మలుపు ముందు నాన్న గడ్డం నా నడినెత్తి మీద ఆనించి "ఎడమకు", "కుడికి" అనేవారు. నేనూ అటు వంగేదాన్ని. బండి నేనే నడుపుతున్నానని నమ్మాను.

ఇక నాకు తెలియనిది. పెద్దకర్మ రోజున నాగాయలంక నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మాలో ఎవరికీ ఆయన తెలియదు. దివిసీమ ఉప్పెన తర్వాత నాన్న తమ ఊరికి అటుకులు, బెల్లం మోసుకొచ్చారని చెప్పి, ఫోటో ముందు కాసేపు కూర్చుని, భోజనం చేసి వెళ్లిపోయారు. అప్పటికి నాన్నకు ఇరవై ఏళ్లు. ఈ సంగతి ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు. ఆయన చెప్పకుండా దాచుకున్నదాన్ని ఇప్పుడు ఎలా రాబట్టాలి?

కృష్ణా తీరం:
అమ్మా, మాది కోడూరు దగ్గర. 1977 నవంబరు 19, శనివారం. నాకు పదకొండేళ్లు. అటుకులు అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ రోజుల్లో బియ్యం ఇచ్చినా వండుకునే దారి లేదు. కట్టెలు తడిసిపోయాయి, కుండలు కొట్టుకుపోయాయి, బావుల్లో ఉప్పునీళ్లు. అది తెలిసి అటుకులు తెచ్చారంటే, మా ఆకలి ఎలాంటిదో బయలుదేరే ముందే ఆలోచించారన్నమాట. పెనుమూడి నుంచి పులిగడ్డకు అప్పుడు వంతెన లేదు, కృష్ణ దాటాలంటే పడవే. మండలి వెంకట కృష్ణారావు గారి సేవను మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలా పడవెక్కి వచ్చిన కుర్రవాళ్ల పేర్లు మాత్రం మాకు తెలియవు. తప్పకుండా రాయండి. నాగాయలంక వెళ్లి ఆ పెద్దాయనను వెతకండి. ఆలస్యం చేయకండి.

పాత ఉత్తరాలు:
మా నాన్న మీద ఇలాంటి పుస్తకం వేశాను కనుక ఒక్క మాట. "ఆయన ఎలాంటివారు?" అని అడిగితే అందరూ "దేవుడమ్మా" అంటారు, అక్కడితో సరి. ఆ రోజు ఏం వేసుకున్నారు, ఏం తిన్నారు, ఇంటికి ఎలా వచ్చారు అని అడగండి. ఇంట్లో పెద్దవారితోనే మొదలుపెట్టండి. ట్యాంకు మీద ప్రయాణాన్ని మొదటి పేజీలో పెట్టండి, దాన్ని మాత్రం సవరించవద్దు.

రేపల్లె అమ్మాయి:
ఇద్దరికీ నమస్కారాలు. నిన్న బాబాయిని "ఇంటికి ఎలా వచ్చారు?" అనే అడిగాను. "నడిచి" అన్నారు. వెళ్లేటప్పుడు సైకిలుకు రెండు మూటలు కట్టుకుని పడవలో వేసుకెళ్లారట. ఆరో రోజు చీకటి పడ్డాక వచ్చారట. ఒంటి మీద చొక్కా లేదు, సైకిలూ లేదు. తాతయ్య దాన్ని కొని రెండు నెలలు కూడా కాలేదు. నాయనమ్మ అడిగితే, "అక్కడొకాయన పిల్లలను వెతుక్కుంటున్నాడమ్మా. ఊళ్లన్నీ తిరగాలి కదా" అన్నారట. ఆ ఏడాదంతా కాలేజీకి నడిచే వెళ్లారట.

ఆదివారం తమ్ముడూ నేనూ నాగాయలంక వెళ్తున్నాం.