అమీబా మన కణాన్ని గుర్తుపడుతుందా, ఊరికే అంటుకుంటుందా?

మైక్రోమేడం:
నిన్న డిగ్రీ పిల్లలకి ఎంటమీబా హిస్టోలిటికా పాఠం చెప్పాను. పెద్దపేగు గోడని తొలిచి జిగట విరేచనాలు, ఒక్కోసారి లివర్లో చీముగడ్డ తెచ్చే జీవి. పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను: దాని ఒంటి మీద లెక్టిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, మన కణాల పైపొర మీది చక్కెర గొలుసుల చివర గెలాక్టోజ్ గానీ ఎన్-అసిటైల్ గెలాక్టోజమైన్ గానీ కనిపిస్తే దాన్ని "గుర్తుపట్టి" పట్టుకుంటుంది, ఆపైన చంపుతుంది. వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడం, పేగులో జిగురు నిండా ఆ చక్కెరలే ఉంటాయని పోయిన వారం చెప్పారు కదా. మరి జిగురుని చూసి కణమనుకోదా?" అంది. బెల్లు కొట్టి నన్ను కాపాడింది. అప్పట్నుంచీ బుర్రలో అదే. రోగానికి మూలం ఈ చక్కెర పట్టేనా, లేక దానికి మనం లేనిపోని పెద్దరికం ఇస్తున్నామా?

గ్లైకోపిచ్చి:
మూలం అదే మేడం, అనుమానం వద్దు. 1981లో రావ్‌డిన్, గెరాంట్ అనే పరిశోధకులు హ్యామ్‌స్టర్ అండాశయ కణాల మీదికి ఈ అమీబాల్ని వదిలి చూశారు. ద్రవంలో ఎన్-అసిటైల్ గెలాక్టోజమైన్ కలిపితే అంటుకోవడం తగ్గింది, చంపడమూ తగ్గింది. 1987లో పెట్రి బృందం ఆ లెక్టిన్‌ని విడిగా బయటికి తీసింది. తర్వాత చక్కెర గొలుసుల చివర గెలాక్టోజ్ చేరని మార్పుడు కణాల్ని ముందు పెడితే అమీబా సరిగ్గా పట్టుకోలేకపోయింది. తాళం మారిస్తే తాళంచెవి పనిచేయలేదన్నమాట. ఇంతకంటే ఏం రుజువు కావాలి?

వంకాయబజ్జీ:
నేను కామర్స్ వాణ్ణి, నవ్వకండి. గెలాక్టోజ్ కలిపితే వదిలేస్తుందంటున్నారు. పాలలో లాక్టోజ్ ఉంది, అందులో సగం గెలాక్టోజే. మరి రోజూ గ్లాసుడు పాలు తాగేవాడికి ఈ జబ్బు రాకూడదుగా?

గ్లైకోపిచ్చి:
మంచి ప్రశ్నే అన్నా. ఒకటి, ఆ గెలాక్టోజ్ చిన్నపేగులోనే రక్తంలోకి వెళ్ళిపోతుంది, పెద్దపేగు దాకా మిగిలేది తక్కువ. రెండోదే అసలు సంగతి. చేలో నడిచొస్తే పంచె అంచుకి ఉత్తరేణి గింజలు పట్టుకుంటాయి చూడండి. ఒక్కటైతే గోటితో తీసేస్తాం, వంద పట్టుకుంటే పంచె విప్పి కూర్చోవాల్సిందే. విడి చక్కెర అణువు మీద ఈ లెక్టిన్ పట్టు చాలా బలహీనం. అవే చక్కెరల్ని ఒక ప్రోటీన్ మీద డజన్లకొద్దీ గుచ్చి ఇస్తే పట్టు లక్ష రెట్లు దాటిందని 1995లో కొలిచారు. కణం పైపొర మీద చక్కెరలు అలా గుంపుగానే ఉంటాయి. విడి గెలాక్టోజ్‌తో దాన్ని విడిపించాలంటే చాలా ఎక్కువ పోయాలి. గాజు గిన్నెలో కుదురుతుంది, పేగులో కుదరదు.

స్లైడుబాబాయి:
ల్యాబ్‌లో 27 ఏళ్ళు వెట్ మౌంట్లు చూసినవాణ్ణి. మలం శాంపిల్ వెచ్చగా ఉండగానే సెలైన్ చుక్కలో కలిపి చూస్తే, అమీబా గాజులా మెరిసే కాలు ఒకటి ముందుకి చాచి, ఒళ్ళంతా అందులోకి ఒలికినట్టు కదులుతుంది. దాని కడుపులో మన ఎర్ర రక్తకణాలు కనిపిస్తే దాదాపు అనుమానం లేదు, హిస్టోలిటికా. రక్తకణాలు లేకపోతేనే చిక్కు. అచ్చం అలాగే ఉండే ఎంటమీబా డిస్పార్ అని ఇంకోటుంది. బ్రంప్ట్ అనే ఫ్రెంచి ఆయన 1925లోనే ఇది వేరే జాతి అన్నాడు, ఎవరూ వినలేదు. 1993లో గానీ ఒప్పుకోలేదు. ఆ లోపు ఎంతమందికి అనవసరంగా మెట్రోనిడజోల్ మింగించామో! ఇప్పుడు చెప్పు బాబూ, డిస్పార్‌కి కూడా గెలాక్టోజ్ పట్టుకునే లెక్టిన్ ఉంది. అది పేగులో ఊరికే కాపురం చేసి పోతుంది, గోడని ముట్టదు. పట్టే మూలమైతే దానికెందుకు జబ్బు పుట్టించడం చేతకాదు?

గ్లైకోపిచ్చి:
బాబాయ్, రెండు లెక్టిన్లూ దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు. అయినా మీ దెబ్బ తగిలింది, ఒప్పుకుంటా. పట్టు లేకపోతే జబ్బు లేదు, పట్టు ఉన్నంత మాత్రాన జబ్బు రాదు. "మూలం" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఢాకా మీర్‌పూర్ బస్తీ పిల్లల సంగతి చూడండి. మలంలో ఈ లెక్టిన్‌కి ఎదురు యాంటీబాడీలున్న పిల్లలకి కొత్త ఇన్ఫెక్షన్లు తక్కువగా వచ్చాయి. పట్టుని అడ్డుకుంటే లాభం ఉందనేగా!

ఇక ఆ వెనక బెంచీ అమ్మాయికి: అవును, జిగురుని కూడా పట్టుకుంటుంది. పెద్దపేగు జిగురులోని మ్యూసిన్ అనే ప్రోటీన్ ఈ లెక్టిన్‌కి గట్టిగా అతుక్కుని, కణాల జోలికి పోనివ్వదని 1987లోనే చూపించారు. ఎరగా పనిచేస్తుందన్నమాట. అమీబా ఒక ఎంజైముతో ఆ మ్యూసిన్‌ని కోసుకుంటూ దారి చేసుకుంటుంది. అది కుదిరాకే కణం దాకా చేరేది.

కంటిచూపు:
కంటి వైపు నుంచి ఒక ముక్క. నల్లగుడ్డుని పాడుచేసే అకాంతమీబా అనే ఇంకో అమీబాకి గెలాక్టోజ్ కాదు, మానోజ్ అనే వేరే చక్కెర కావాలి. దాని మీద మానోజ్‌ని పట్టే ప్రోటీన్ వేరే ఉంది. విడి మానోజ్ పోస్తే అంటుకోవడం ఆగుతుంది. బానే ఉంది అనుకునేలోపు, అదే మానోజ్ తగిలిన అమీబా కణాల్ని చంపే ఒక ప్రోటియేజ్‌ని (ప్రోటీన్లని కోసే ఎంజైముని) బయటికి వదులుతుంది! చక్కెర ఒక్కటే, పట్టు వదిలించేదీ అదే, కోపం తెప్పించేదీ అదే. అందుకని "అడ్డుకుంటే చాలు" అనే మాట నాకు భయం. ఇంకోటి, ఇది కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళ జబ్బని అందరూ అంటారు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు రాసిన కేసుల్లో ఎక్కువమంది అసలు లెన్సులే పెట్టనివాళ్ళు. కంట్లో దుమ్ము, ఆకు గీత, మురికి నీళ్ళు, అంతే.

మైక్రోమేడం:
రాత్రి కూర్చుని 2014లో వచ్చిన ఒక పేపర్ చదివాను. హిస్టోలిటికా బతికున్న కణాన్ని ఒక్కసారిగా మింగదట, జామకాయ కొరికినట్టు ముక్కలు ముక్కలుగా కొరుకుతుంది, కణం ఆ కొరుకుళ్ళకే చస్తుంది. నన్ను ఆపేసింది తర్వాతి సంగతి. కణం చచ్చాక అమీబా కొరకడం మానేసి, శవాన్ని వదిలి వెళ్ళిపోతుంది. చచ్చిన కణం మీద చక్కెరలు ఎక్కడికీ పోలేదు కదా?

గ్లైకోపిచ్చి:
పోలేదు. కానీ ఆ కొరుకుడు కూడా లెక్టిన్ పట్టు లేకపోతే మొదలవదు మేడం.

మైక్రోమేడం:
సరే, మొదలు దానిది. ఎప్పుడు ఆపాలో చెప్పేది ఇంకేదో ఉందిగా. నా నోట్సులో "గుర్తుపట్టి" కొట్టేసి "పట్టుకుని" అని రాసుకున్నాను.

స్లైడుబాబాయి:
ఆ అమ్మాయిని ఓసారి మా ల్యాబ్‌కి పంపమ్మా. వెచ్చటి శాంపిల్ వచ్చిన రోజు ఫోన్ చేస్తా.