వీధికుక్కల మధ్య 'దూరం పాటించండి' అంటే ఎలా? ప్రాంగ్ కాలరా, చికెన్ ముక్కలా?

కూకట్‌పల్లి_షెఫర్డ్:
మగ జర్మన్ షెఫర్డ్, 11 నెలలు, 32 కిలోలు. ఇంట్లో, సెల్లార్‌లో చెప్పిన మాట వింటాడు. పక్క ఫ్లాట్ లాబ్రడార్‌తో డాబా మీద వదిలితే చక్కగా ఆడతాడు. చెయిన్ వేసి రోడ్డెక్కితే మాత్రం 15 మీటర్లలో ఏ కుక్క కనబడినా ముందు బిగుసుకుపోతాడు, ఆ తర్వాత ముందుకాళ్లు లేపి మొరుగుడే. ఒక ట్రైనర్ ప్రాంగ్ కాలర్ (లాగితే మెడకు గుచ్చుకునేలా లోపలివైపు ముళ్లున్న ఇనుప లింకుల పట్టా) వేస్తే తప్ప లొంగడంటున్నారు. ఇంకొకరు దూరం నుంచి కుక్కల్ని చూపిస్తూ చికెన్ పెట్టమంటున్నారు. మా వీధిలో వంద మీటర్లకు మూడు గుంపులు. ఆ దూరం ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవాళ్లు తేల్చండి.

ఓరుగల్లు_కె9:
అన్నా, ప్రాంగ్ పేరు వింటేనే కొట్టడానికి వచ్చేటోళ్లు ఉంటరు, అయినా చెప్తున్న. దూరం పద్ధతి తప్పు కాదు. కాని అది ఎదుటి కుక్క కూడా చెయిన్ మీద ఉండే ఊళ్లకు పుట్టింది. మన దగ్గర ఎదుటి కుక్కే నీ మీదికి వస్తది. ఇంకో ఏడాదికి మీవాడు 36, 38 కిలోలైతడు. వాన పడ్డ రోడ్డు మీద 55 కిలోల మనిషి వాన్ని ఆపలేడు. బైకు కింద పడ్డంక సిద్ధాంతాలు ఎందుకు?

వాడితే సక్కగ వాడాలె. సగం మంది దండ లెక్క మెడ కిందికి వేలాడేస్తరు. అది చెవుల వెనకాల, దవడ కింద, మెడ పైభాగంల కదలకుండ కూర్చోవాలె. జారుతుంటే ఒక లింకు తీసెయ్యి. లింకులు ఊడిపోయే గుణం ఉంటది, అందుకే మామూలు పట్టా కూడ వేసి రెండిటినీ కలిపి క్లిప్పు పెట్టాలె. లాగి పట్టుకునుడు కాదు. చిన్న ఝట్కా, వెంటనే వదులు. అది కూడ మొరిగినంక కాదు, కండ్లు గుచ్చి చూసుడు మొదలైన క్షణంలనే.

శారద_విశాఖ:
టైమింగ్ గురించి ఓరుగల్లు గారు చెప్పింది నిజమేనండి. చిక్కంతా అక్కడే ఉంది. కళ్లు గుచ్చడానికీ మొరగడానికీ మధ్య ఉండేది ఒక సెకను, మహా అయితే రెండు. రోజూ వాకింగ్‌కు తీసుకెళ్లే ఇంటివాళ్లకు ఆ సెకను దొరకదు. ఆలస్యంగా పడిన ఝట్కా నేర్పేది ఒకటే: ఇంకో కుక్క కనబడింది, మెడ నొచ్చింది. కొన్నాళ్లకు ఇంకో కుక్క అంటేనే నొప్పి అని ఖాయమైపోతుంది. మొరగడం ఆగవచ్చు, కాదనను. లోపలి కంగారు అలాగే ఉండి హెచ్చరిక మాత్రం పోతుంది. గుర్రుమనకుండా నేరుగా కరిచే కుక్కలు ఇలాగే తయారవుతాయి. పైగా బాగా రెచ్చిపోయి ఉన్నప్పుడు మెడ దగ్గర పోటు తగిలితే గిర్రున తిరిగి, పట్టుకున్న మనిషి పిక్కో తొడో అందుకుంటుంది. అమెరికాలోని పశుప్రవర్తన వైద్యుల సంఘం 2021 ప్రకటనలో, దూకుడు కుక్కలతో సహా అన్నిటికీ బహుమతి పద్ధతులే వాడమన్నది ఊరికే కాదు.

మీవాడు డాబా మీద ఆడతాడు కాబట్టి, ఇది భయం కన్నా 'వెళ్లనివ్వడం లేదు' అన్న ఉక్రోషం కావచ్చు. అయితే తెలిసిన ఒక్క లాబ్రడార్‌ను బట్టి ఖాయం చేయకండి. బరువు ముందుకాళ్ల మీద వేసి, సన్నగా కూస్తూ గుంజుతుంటే ఉక్రోషం. బరువు వెనక్కి పడి, చెవులు తలకు అంటుకుని, ఎదుటి కుక్క వెళ్లిపోగానే తేలికపడితే భయం. చాలా కుక్కల్లో రెండూ కలిసే ఉంటాయి, ఈ వయసులో మరీ. మొదటి మందు రెండింటికీ ఒకటే.

15 మీటర్లలో పేలుతున్నాడంటే పని మొదలుపెట్టాల్సింది 30, 40 మీటర్ల దగ్గర. కుక్కను చూశాక కూడా చికెన్ తింటున్నాడా, మెత్తగా తీసుకుంటున్నాడా, వేళ్లు కొరుకుతూ లాక్కుంటున్నాడా? మెత్తగా తీసుకుంటే దూరం సరిపోయింది. లాక్కుంటే ఇంకో పది మీటర్లు వెనక్కి. ముట్టకపోతే ఆ రోజుకు ఇంటికే.

చేయాల్సింది చిన్న పని. వాడు కుక్కను చూస్తాడు. చూసిన వెంటనే 'యెస్' అనండి, ముక్క పెట్టండి. కుక్క కనుమరుగయ్యేదాకా చూసిన ప్రతిసారీ ఇంతే, అది కనుమరుగవగానే చికెన్ కూడా బంద్. వరుస తారుమారు కాకూడదు. చాలామంది దూరాన కుక్కను తామే ముందు చూసి, వాడి దృష్టి మళ్లించాలని ముక్క ముక్కు దగ్గర పెడతారు. నాలుగు రోజుల్లో వాడికి చేతిలో చికెన్ కనబడితే ఎక్కడో కుక్క ఉందన్నమాటే. చికెనే అలారం అవుతుంది. ముందు కుక్క, తర్వాత ముక్క.

పది, పదిహేను నిమిషాలు, ఎనిమిది పది చూపులు చాలు. ఐదు చూపుల్లో నాలుగుసార్లు తనంతట తానే తల తిప్పి మీకేసి చూస్తే రెండు మీటర్లు ముందుకు జరగండి. ఒకేసారి పది మీటర్లు జరిపితే మళ్లీ మొదటికొస్తుంది. ఆ రోజు ఎక్కడైనా పేలితే మర్నాడు, అవసరమైతే రెండో రోజు కూడా బయట పాఠం వద్దు. ఒకసారి రెచ్చిపోయిన ఒళ్లు చల్లారడానికి టైం పడుతుంది. పొద్దున ఓ గొడవ, మధ్యాహ్నం టపాసుల మోత, సాయంత్రం ఇంకో కుక్క, ఇవన్నీ కూడుకుంటాయి. 'నిన్న బాగానే ఉన్నాడే' అనుకునే రోజుల వెనక ఉండేది ఇదే.

ముక్కల లెక్క. ఈ సైజు ఎదిగే కుక్కకు రోజుకు సుమారు 1,500 కేలరీలు కావాలి. పదో వంతు, అంటే 150, పాఠానికి కేటాయిస్తే ఉడికించిన బోన్‌లెస్ బ్రెస్ట్ 90 గ్రాములు వస్తుంది. శనగ గింజంత ముక్కలు కోస్తే రెండు పూటలకూ సరిపోతాయి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడకబెట్టాలి. ఆ మేరకు గిన్నెలో తిండి తగ్గించండి.

ఇక దూరం ఎక్కడ దొరుకుతుందని కదా అడిగారు. మీ వీధిలో దొరకదు, అక్కడ వెతకడం మానేయండి. కారెక్కించుకుని ముహూర్తాలు లేని రోజుల్లో ఫంక్షన్ హాలు పార్కింగ్‌కు వెళ్లండి, వాచ్‌మన్‌ను అడిగి. ఆషాఢంలో అయితే నెలంతా ఖాళీ. చుట్టూ గోడ, ఒకటే గేటు, గేటు అవతల దాటే కుక్కలు. ఇంతకన్నా మంచి తరగతి గది లేదు. కాలేజీ గ్రౌండ్లు సెలవు రోజుల్లో పనికొస్తాయి. పాఠం నడిచే ఆరు, ఎనిమిది వారాలూ వీధిలో వాకింగ్ అసలే లేకపోయినా కొంప మునగదు. టాయిలెట్‌కు సెల్లార్ పక్కన మట్టి చాలు. ఒళ్లు అలవడానికి డాబా మీద తిండి చల్లి వాసనతో వెతికించండి. ముక్కుతో వెతికినా బాగానే అలుస్తాడు.

ఓరుగల్లు_కె9:
ఫంక్షన్ హాలు మంచి ఉపాయమే. మరి గేటు దాటి కారు దాకా పోయేలోపు గుంపు చుట్టుముడితే? 'యెస్' అని చికెన్ పెడ్తరా?

మల్కాజ్‌గిరి_ఫీడర్:
ఆ ముచ్చట నాకు వదిలెయ్యండి. మూడు గుంపులన్నరు కదా, మూడిటికీ హద్దులుంటయి. ఒక గుంపు రెండు మూడు బిల్డింగుల దూరం మొరుగుకుంట వచ్చి, హద్దు కాడ టక్కున ఆగుతది. ఏ కరెంటు స్తంభం, ఏ చెత్తడబ్బా కాడ ఆగుతుందో వారం రోజులు కుక్క లేకుండ ఒక్కరే నడిచి చూడండి. చెవి కొసకు గాటు ఉంటే పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ అయినట్టు. 2023 ఏబీసీ రూల్స్ (కుక్కల సంతాన నియంత్రణకు కేంద్రం పెట్టిన రూల్స్) ప్రకారం ఆపరేషన్, టీకా చేసి ఎక్కడ పట్టుకున్నరో అక్కడే వదలాలె, కాబట్టి ఆ కుక్కలు శానా వరకు అవే ఉంటయి. అంటే మీకు తెలిసిన మొఖాలే.

ఎవరు తిండి పెడుతున్నరో కనుక్కుని, మీ గేటుకు దూరంగ ఒకే చోట, మీరు బయటికెళ్లే ముందు పావుగంటకు పెట్టమనండి. కడుపు నిండిన గుంపు పడుకుంటది. పిల్లల తల్లి ఉన్న సందుకు రెండు నెలలు పోవద్దు. చిత్తకార్తె టైంల ఎదకొచ్చిన ఆడకుక్క ఎనక మగవి పదీ పన్నెండు తిరుగుతుంటయి, అప్పుడు మీ మగపిల్లగాన్ని ఆ దిక్కు తీసుకపోవుడు మరీ తప్పు.

అయినా మీదికొస్తే ఉరకొద్దు, ఎనకకు తిరిగి నడవొద్దు. గోడకో నిలబెట్టిన కారుకో ఆనుకుని మీవాన్ని ఎనకాల పెట్టుకోండి. బటన్ నొక్కితే తెరుచుకునే గొడుగు వాటి దిక్కు తెరవండి. అడ్డం కనబడేసరికి శానా కుక్కలు ఆగిపోతయి. ముందు ఇంట్లో గొడుగు తెరిచి మీవానికి అలవాటు చెయ్యండి, లేకపోతే ముందు వీడే బెదురుతడు. ఇంకో జేబుల పార్లే-జీ ఒక గుప్పెడు పొడి చేసి పెట్టుకోండి. గుంపు ముందర కాదు, వాటి ఎనకాలకు విసరండి. అవి తిరిగినయంటే మీకు ఇరవై సెకన్లు దొరికినయి.

శారద_విశాఖ:
సరిగ్గా చెప్పారు. ఆ ఇరవై సెకన్లలో పాఠం చెప్పకూడదు, తప్పించుకోవాలి. అందుకు 'పద' అనగానే గిరుక్కున తిరిగి మీతో నడవడం ముందే ఇంట్లో, సెల్లార్‌లో అలవాటై ఉండాలి: ఒక అడుగు ముందుకు, 'పద', తిరగడం, ముక్క. రోజుకు ఇరవైసార్లు, బోర్ కొట్టేదాకా. గొడవలో తొలిసారి 'పద' అంటే వాడికి వినబడనే వినబడదు.

మ్యూనిక్_మూర్తి:
జర్మనీలో ట్రైనింగ్‌కు ప్రాంగ్ వాడకం 2022 జనవరి నుంచి నిషేధం. షెఫర్డ్ పుట్టిన దేశంలోనే అది లేకుండా నడుస్తోంది మరి.

ఓరుగల్లు_కె9:
మూర్తి గారూ, అక్కడ వీధికుక్క ఒక్కటి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందం.

గుంటూరు_పశువైద్యుడు:
కాలర్ గొడవ పక్కన పెట్టి ముందు ఒంటి పరీక్ష చేయించండి. 5 నుంచి 18 నెలల జర్మన్ షెఫర్డ్‌లలో పొడుగు ఎముకల నొప్పి, పానోస్టియైటిస్, తరచుగా కనబడుతుంది. ఈ వారం ఒక కాలు కుంటుతుంది, వచ్చే వారం ఇంకో కాలు. తుంటి కీలు వదులు, చెవిలో ఇన్ఫెక్షన్, టిక్ ఫీవర్ కూడా చూడాలి. నొప్పిగా ఉన్న కుక్క ఎవరినీ దగ్గరికి రానివ్వదు. ఈ మొరుగుడు రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా మొదలై ఉంటే అనుమానం మరింత బలం.

ఎవరో ఒకరు ఆపరేషన్ చేయించేయమంటారు కాబట్టి ముందే చెబుతున్నాను. దానివల్ల ఆడకుక్కల వెంట పడటం తగ్గుతుంది. చెయిన్ మీద మొరగడం దానంతటదే తగ్గదు, భయం పాలు ఉంటే పెరగనూ వచ్చు. కాలిఫోర్నియా డేవిస్ విశ్వవిద్యాలయం 2020లో 35 జాతులపై ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది లోపు ఆపరేషన్ చేసిన జర్మన్ షెఫర్డ్‌లకు కీళ్ల జబ్బులు ఎక్కువగా వచ్చాయి. రెండేళ్లు దాటాక చేయించడం మేలని సూచన. అదే ఏడాది బ్రిటన్‌లో వచ్చిన ఇంకో అధ్యయనంలో కుక్కలు 5 నెలలప్పటికన్నా 8 నెలల వయసులో సొంత మనిషి మాట తక్కువగా, కొత్తవారి మాట బాగానే విన్నాయి. ట్రైనర్ చేతిలో బుద్ధిగా నడిచిన కుక్క మీ చేతిలోకి రాగానే మారిపోతే ట్రైనర్ గొప్పతనం అనుకోకండి.

వీధికుక్క పన్ను మీవాడికి దిగితే, వాడి టీకాలు పూర్తయి ఉన్నా సరే, గ్లవ్స్ వేసుకుని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ బూస్టర్‌కు తీసుకెళ్లండి.

కూకట్‌పల్లి_షెఫర్డ్:
థాంక్స్ సార్, అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నాను. మరి ఈలోగా ఏ బెల్టు వేయాలి? ఇప్పుడున్నది ఇనుప చెయిన్, మామూలు పట్టా.

శారద_విశాఖ:
ఇనుప చెయిన్ పక్కన పడేయండి. జారితే అరచేయి కోస్తుంది, దాని బరువుకే మెడ లాగినట్టుంటుంది. అంగుళం వెడల్పు నైలాన్ లీష్, రెండు మీటర్లది, రెండు చివరలా క్లిప్పులున్నది తీసుకోండి. మెడకు కాకుండా ఛాతీకి, ఒంటికి వేసే పట్టీల బెల్టు, అంటే హార్నెస్ కూడా తీసుకోండి. ఒక క్లిప్పు దాని ఛాతీ రింగుకు, రెండోది వీపు రింగుకు. గుంజితే ఛాతీ రింగు ఒంటిని పక్కకు తిప్పుతుంది. హార్నెస్ ముందునుంచి చూస్తే ఇంగ్లిష్ 'వై' ఆకారంలో ఉండాలి. భుజాలకు అడ్డంగా పట్టీ ఉన్నవి నడకను చెడగొడతాయి. చంక దగ్గర రెండు వేళ్లు పట్టాలి. ఎదిగే కుక్క కాబట్టి నెలకోసారి సరిచూడండి. సాగే డబ్బా లీష్ వద్దే వద్దు. లీష్‌ను చేతికి చుట్టుకోకండి, వేళ్లు విరుగుతాయి.

ఓరుగల్లు_కె9:
ఒట్టి హార్నెస్ వేస్తే ఎద్దు లెక్క గుంజుతరు, గిట్ల రెండు క్లిప్పులైతే ఒప్పుకుంట. ఇంకోటి, బుట్ట మజిల్ (కరవకుండ మూతికి తొడిగే బుట్ట) కూడ నేర్పుండ్రి. గుడ్డ మజిల్ కాదు, అందులో నోరు తెరిచి వగర్చలేడు, ఎండకు ప్రమాదం. బుట్టలో పెరుగు రాసి తనంతట తాను మూతి పెట్టేదాకా ఆగి, ఆ తర్వాతనే పట్టీ బిగించాలె. కనీసం రెండు వారాలు. ప్రాంగ్ సంగతి మాత్రం నా మాట నాదే: ఎనిమిది వారాలైనా 15 మీటర్లు పదికి కూడ రాకపోతే మళ్లీ మాట్లాడుకుందం.

శారద_విశాఖ:
ఎనిమిది వారాలైనా కదలకపోతే నేను పంపేది ప్రాంగ్ దగ్గరికి కాదు, గుంటూరు డాక్టరు గారిలాంటి వాళ్ల దగ్గరికి. కంగారు తగ్గించే మందులున్నాయి, పాఠంతో పాటు వాడితే.

గుంటూరు_పశువైద్యుడు:
ఉన్నాయి. పని కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సొంతంగా కొని వేయడం, హఠాత్తుగా మానేయడం రెండూ వద్దు.

కూకట్‌పల్లి_షెఫర్డ్:
ఒక్కటి మిగిలింది. మాది నాలుగో అంతస్తు. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఆ లాబ్రడారో, మూడో ఫ్లోర్ పొమరేనియనో ఉంటే ఏం చేయాలి?

శారద_విశాఖ:
తలుపు ఎదురుగా నిలబడకండి. మూడు మీటర్లు పక్కకు, గోడ వైపు మొహం పెట్టించి నేల మీద నాలుగు ముక్కలు చల్లండి. తలుపు తెరుచుకున్నాక ముందు మీరు ఒక్కరే తొంగి చూడండి. లోపల కుక్క ఉంటే అది దిగి వెళ్లేదాకా అక్కడే ఉండండి, లిఫ్ట్ పోతే పోనీ. మీరు లోపల ఉండి బయట కుక్క ఉంటే వాణ్ని వెనక మూలకు తిప్పి, మీ కాళ్లు అడ్డం పెట్టి, తలుపు మూసే బటన్ నొక్కండి. ముందే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మీ టైములు పెట్టేస్తే ఈ అవస్థ సగం తప్పుతుంది. పొమరేనియన్ వాళ్లే ముందు ఒప్పుకుంటారు చూడండి.