కస్టమర్ సైట్ల లాగ్‌లు 14 రోజులు చాలవా?

అలిపిరి_అడ్మిన్: తిరుపతిలో లాడ్జీలు, ట్రావెల్స్ వాళ్ల సైట్లు హోస్ట్ చేస్తుంటాను. సర్వర్‌లో డెబియన్ లినక్స్, వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్. లాగ్‌లను (సైట్‌కి ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుండే ఫైళ్లు) మార్చే లాగ్‌రొటేట్‌ని డీఫాల్ట్‌లోనే వదిలేశాను: రోజుకో ఫైలు, 14 దాటితే పాతది పోతుంది. ఒక కస్టమర్ ఆరు నెలల లాగ్‌లు కావాలంటున్నాడు. ఆయనిచ్చే డబ్బుకి అంత డిస్క్ ఎక్కడ తేవాలి?

గుజ్జు_చిత్తూరు: ఆయన అడిగేదేముంది, రూలే ఉంది. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాలు చదవండి. లాగ్‌లు 180 రోజులు దాచాలి. చిన్న సంస్థలకు ఆ సెప్టెంబర్ దాకా గడువిచ్చారు, అదీ అయిపోయింది.

అలిపిరి_అడ్మిన్: అవి సిస్టమ్ లాగ్‌ల గురించి సార్. గది ఫొటో ఎవరు చూశారో కూడా దాచాలా? బ్రహ్మోత్సవాలప్పుడు ఒక్కో పేజీకి ఎన్ని లైన్లు పడతాయో మీకు తెలీదు. డిస్క్ నిండితే అందరి సైట్లూ ఆగిపోతాయి.

కొర్లగుంట: సెర్ట్-ఇన్ ప్రశ్నలు-జవాబుల పత్రంలో వెబ్ సర్వర్ లాగ్‌లు అని పేరుతోనే ఉంది బ్రో. సర్వర్‌కి ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ లాగ్‌లు కూడా.

టెర్మినల్_తాత: ముందు లాగ్‌రొటేట్‌లో కాపీట్రంకేట్ (లాగ్‌ని కాపీ చేసి అసలు ఫైలు ఖాళీ చేసే పద్ధతి) తీసేయండి. కాపీ అయ్యాక ఫైలు ఖాళీ చేసేలోపు వచ్చిన లైన్లు గల్లంతు. పోస్ట్‌రొటేట్‌లో (ఫైలు మార్చాక నడిచే ఆదేశాలు) ఎన్‌జిన్‌ఎక్స్‌కి యూఎస్ఆర్1 సిగ్నల్ పంపండి, కొత్త ఫైలు తెరుస్తుంది, చాలు.

అలిపిరి_అడ్మిన్: నేనది వాడుతున్నానని ఎవరు చెప్పారు?

టెర్మినల్_తాత: వాడకపోతే మంచిదే. వాడేవాళ్లు చాలామంది ఉన్నారు.

గుజ్జు_చిత్తూరు: డిస్క్ సాకు వినీ వినీ విసుగొచ్చింది. టెక్స్ట్ ఫైళ్లు, కంప్రెస్ చేస్తే ఎంతవుతాయి? మాది తోతాపురి గుజ్జు ఎగుమతి. మా సైట్‌లో బ్యాంకు ఖాతా నంబరు ఎవడో మార్చాడు. కొనేవాళ్లు ఫోన్ చేసేదాకా మాకు తెలీదు. అప్పటికి లాగ్‌లు లేవు. హోస్టింగ్ వాడు మాత్రం ‘మీ పాస్‌వర్డే లీకయింది’ అని ఖాయంగా చెప్పాడు. లాగ్ లేకుండా వాడికెలా తెలిసింది? మీకందరికీ 14 రోజులు బాగా కలిసొస్తాయి.

అలిపిరి_అడ్మిన్: నోరు అదుపులో పెట్టుకోండి. నేను దొంగనా? ఒక లాడ్జీ భాగస్వాములు విడిపోయారు. అడ్మిన్ పేజీ ఎవరు తెరిచారో చూపించమని ఇద్దరూ నా ఆఫీసులో కూర్చున్నారు. ఆరు నెలలు దాస్తే ఊళ్లో ప్రతి తగాదాకీ నేనే సాక్షిని. డిస్క్ సంగతి తర్వాత, నాకా తలనొప్పి వద్దు.

కొర్లగుంట: ఈ మాట మొదటి పోస్ట్‌లోనే చెప్పుంటే సరిపోయేది.

అలిపిరి_అడ్మిన్: సరే, రోజూ రాత్రి ఎవరి సైట్ యాక్సెస్ లాగ్ (పేజీలు ఎవరు తెరిచారో రాసేది) వాళ్ల ఖాతాలోకే పంపేస్తాను. దాచుకుంటారో పారేసుకుంటారో వాళ్లిష్టం.

గుజ్జు_చిత్తూరు: మీ 180 రోజుల బాధ్యత దాంతో తీరదు. పైగా ఎఫ్‌టీపీలో ఎవడు దూరాడో యాక్సెస్ లాగ్‌లో పడదు. ఆ ఎఫ్‌టీపీ లాగ్ మీ సర్వర్‌లోనే ఉంటుంది.

అలిపిరి_అడ్మిన్: అందులో మిగతా కస్టమర్ల ఐపీలు, యూజర్‌నేమ్‌లు కూడా ఉంటాయి. మొత్తం ఎలా ఇస్తాను? ఎవరి ఖాతా లైన్లు వాళ్లకి వేరుచేసి ఇవ్వగలను, అంతే.

గుజ్జు_చిత్తూరు: అదే ఒప్పందంలో రాసివ్వండి.

అలిపిరి_అడ్మిన్: రాస్తాను. రేటు కూడా పక్కనే రాస్తాను.